పదకొండో గుంజ

ఆ వానలో మా ఇంటికి రెండిళ్ల అవతల ఉండే ఆయన ఇంట్లో పోయినవి ముందు చెబుతాను. వెనుక గోడ ఒకటి, పొడవు పద్దెనిమిది అడుగులు, ఎత్తు తొమ్మిది. ఆ వైపు చూరు మీది గూన పెంకలు, ఏరుకోగా పనికొచ్చినవి తీసేస్తే, ఆరు వందల పైన. కొత్తగా కొన్న ఇనుప బీరువా. రెండు మట్టి గోలేలు, అందులో ఒకదాని నిండా బియ్యం. గోడకు పూసిన సిమెంటు, దాని మీద వేసిన సున్నం, పూసిన మేస్త్రీ కూలి. ఒక పెళ్లి ఫోటో. ఆయన భార్య, నేను అక్కా అని పిలిచే మనిషి, ఎడమ కాలు మోకాలి కింద చితికిపోయింది. ఎముక తర్వాత అతికింది గాని వెనకటి నడక రాలేదు. ఇవి ఆ ఒక్క రోజువి. ఏ ఇంట్లో అడుగు పెట్టినా చెయ్యెత్తి కప్పు కొట్టి చూసే ఆయన అలవాటు కూడా ఆ రోజే పోయింది. దాన్ని ఏ వరుసలో రాయాలో నాకు తెలియదు. మరుసటి ఏడు ఆయనే పోయాడు.

పోయిన నెల మా వంటింటి మీది పాత దూలం తీసేసి స్లాబు పోయించాను. పనికి వచ్చిన మనిషి, ఊడదీసి వాకిట్లో పడేసిన ఒక నల్లటి గుంజను కాలితో కదిపి, "అన్నా, గిది పొయ్యిలకేనా?" అని అడిగాడు.

"కాదు. అది మాది కాదు. ఎరువు తెచ్చింది," అన్నాను.

"ఎవలదగ్గరికెల్లి?"

"పోయినాయన దగ్గర."

"పోయినాయనకు ఎట్ల తిరిగిస్తవు మరి," అని నవ్వి, దాన్ని గోడకు ఆనించి తన పనిలో పడ్డాడు. నేను ఆ పూట అన్నం సరిగా తినలేదు.

నేను పెద్దగా చదువుకున్నవాణ్ని కాదు. ఏడో తరగతిలో బడి మాని, మంచిర్యాలలో ఒక ఇనుము, సిమెంటు దుకాణంలో బస్తాలు దించడానికి చేరాను. బస్తాలు లెక్కపెడుతూ లెక్కలు నేర్చుకున్నాను. ఇంత గదికి ఎన్ని బస్తాలు, ఇంత స్లాబుకు ఎన్ని క్వింటాళ్ల ఇనుము అని చెప్పేది నేనే అయ్యాను. ఉండేది మాత్రం లక్షెట్టిపేట వైపు ఒక చిన్న ఊళ్లో. మా గల్లీలో మా ఇంటికి రెండిళ్ల అవతల ఒక పాత ఇల్లు ఏళ్ల తరబడి తాళం వేసి ఉండేది. మట్టి గోడలు, టేకు దూలాలు, గూన పెంకలు. ఇంటివాళ్లు కరీంనగర్‌లో స్థిరపడ్డారు. చూడడానికి వచ్చినవాళ్లందరూ వాకిలి ఏ దిక్కు, నల్లా ఉన్నదా, ఎన్ని గజాలు అని అడిగి పోయేవాళ్లు. ఎవరూ కొనలేదు.

ఆయన వచ్చిన రోజు నేను గడప దగ్గర నిలబడి చూశాను. బొగ్గు బాయిలో పని. మందమర్రి నుంచి పాత మోపెడ్ మీద వచ్చాడు. పొట్టి మనిషి, మెడ కొంచెం వెనక్కి వాలి ఉంటుంది, ఎండలో కళ్లు చికిలించుకుంటాడు. లోపలికి పోగానే నిలబడిపోయి పైకి చూశాడు. చేతిలో ఒక కర్ర. దాని కొసతో దూలాన్ని కొట్టి, తల పక్కకు వంచి విన్నాడు. రెండు అడుగులు జరిగి మళ్లీ కొట్టాడు. ఇల్లు చూపించడానికి వచ్చిన దలాలీ మనిషికి విసుగు పుట్టింది.

"అన్నా, ముందుగాల ఇల్లు సూడు. పైన ఏమున్నది, పెంకలే గద."

"మీద సూసినంకనే కింద కూసోవాలె," అన్నాడు ఆయన.

ఆ మాట ఆయన నోట ఎన్నిసార్లు విన్నానో చెప్పలేను. ముప్పై ఏళ్ల పైచిలుకు భూమి లోపల కప్పు కింద గుంజలు నిలబెట్టిన మనిషి. బొగ్గు తీసిన చోట పైన ఉన్న రాయి కూలకుండా కట్టెలు ఆనించడం ఆయన పని. రాయి గట్టిగా ఉందో, విడిచిందో కొట్టి విని తెలుసుకోవాలి.

"అట్ల కొడితె ఏం తెలుస్తదన్నా?" అని ఆ రోజే అడిగాను.

"గట్టిగుంటె ఖంగుమంటది. డొల్లగుంటె డబ్బుమంటది. చెప్పకుంట ఏదీ కూలది తమ్మీ. మనమే ఇనం."

రెండోసారి భార్యను వెంట తెచ్చాడు. ఆమె దూలాలూ చూడలేదు, వంటిల్లూ చూడలేదు. దలాలీ మనిషిని ఒకే మాట అడిగింది. "దీంట్లకెల్లి మమ్ముల ఎవలన్న ఎల్లగొడ్తరా?"

"నీ ఇంట్లకెల్లి నిన్నెవలు ఎల్లగొడ్తరు అక్కా?"

"అయితె తీసుకో," అన్నది ఆయనతో.

ఆ మాట వెనుక సంగతి నాకు తర్వాత తెలిసింది. పెళ్లయినప్పటి నుంచి కంపెనీ క్వార్టర్లోనే ఉన్నారు. ఆయన రిటైర్ కాగానే తాళం చెవి అప్పజెప్పాలి. ఇంకో ఇల్లు లేదు, పిల్లలు లేరు. ఎప్పటికైనా విడిచిపోయేదే కదా అని ఆమె ఆ క్వార్టర్ గోడకు ఒక్క మేకు కూడా కొట్టలేదట. క్యాలెండర్‌ను తలుపు గడియకు తగిలించుకునేది. పెళ్లి ఫోటో అన్నేళ్లూ పెట్టెలోనే ఉంది.

నేను లెక్క వేసి చెప్పాను. ఇల్లు ధర నాలుగు లక్షల ఎనభై వేలు. "అన్నా, కూలగొట్టి రెండు రూములు కట్టుకో. పాత ఇంటిని బాగు చేసుడు లెక్కకు అందదు. ఒకటి ముట్టుకుంటె రెండు బయటపడ్తయి."

"గా దూలాలను సూసినవా? గసొంటి టేకు ఇప్పుడెక్కడ దొరుకుతది? గట్టిగున్నదాన్ని కూలగొట్టుడు మా పని కాదు తమ్మీ. నిలబెట్టుడే మా పని."

బాగు చేయడానికి నేను రెండు లక్షలు అన్నాను. పెంకలు దించితే వాసాల్లో సగానికి చెద ఉంది. వాసాలు మార్చబోతే కరెంటు తీగలన్నీ ఊడిపోయాయి. లెట్రిన్ కోసం తవ్వితే పాత మురుగు మోరి బయటపడింది, ఎటు పోతుందో ఎవరికీ తెలియదు. రెండు లక్షలు మూడున్నర అయింది. ప్రతిసారీ ఆయన నా దగ్గరికి వచ్చి, మా అరుగు మీద కూర్చుని, "నీ లెక్క డొల్ల కొట్టింది తమ్మీ," అనేవాడు. కోపంతో కాదు, నవ్వుతూనే. ఆయన నవ్వితే చప్పుడు వచ్చేది కాదు, భుజాలు మాత్రం కదిలేవి.

మనుషులను కూడా ఆయన అలాగే చెప్పేవాడు. పనికి వస్తానని చెప్పి రాని వడ్రంగి "డబ్బు". నీళ్లు అడగకముందే ఇచ్చే పక్కింటి ముసలమ్మ "ఖంగు". నన్ను ఎందులో వేశాడని అడిగితే, "ఇంకా కొట్టి సూడలే," అన్నాడు. ఒక పెళ్లికి కలిసి పోయాం. ఫంక్షన్ హాల్లో అందరూ భోజనాల బంతికి పరుగెత్తుతుంటే ఆయన స్తంభాన్ని వేలితో కొడుతూ నిలబడ్డాడు. అక్క నా వైపు తిరిగి, "మా పెండ్లిసూపులకు వచ్చిననాడు గింతే. మా బాపు ఇంట్ల దూలాన్ని కొట్టి సూసిండు. నన్ను సూడలే. పెండ్లయినంక సూసుకుందాం తియ్యి అనుకున్నడేమో," అన్నది. ఆయన భుజాలు కదిలాయి.

జన్నారం వైపు ఎక్కడో పశువుల కొట్టం విప్పుతుంటే పదకొండు నల్లమద్ది గుంజలు కొని ట్రాలీ ఆటోలో తెచ్చాడు. ఇంటికి అన్ని అవసరం లేదని మేస్త్రీ చెప్పాడు.

"బాయి దొరా, గిది ఇల్లా, గుంజల తోటనా? మంచం ఏడ ఏస్తరు?"

"మంచం ఏడనన్న పడ్తది. కప్పే ఏడనంటె ఆడ పడొద్దు," అన్నాడు ఆయన.

పది గుంజలు ఆ ఇంట్లో దూలాల కింద నిలబెట్టాడు. ప్రతిదాని మీదా చిన్న చెక్క ఆపు పెట్టి, సుత్తితో దిగ్గొట్టి, ఖంగుమన్నదాకా వదలలేదు. పదకొండోది మిగిలింది.

అది మా ఇంటికి ఎలా వచ్చిందంటే, ఒక పొద్దున చాయ్‌కి పిలిచాను. వంటింట్లోకి వచ్చి, అలవాటు ప్రకారం పైకి చూసి ఆగిపోయాడు. మా దూలం నడుమ చీలిక. మేము ఏళ్ల తరబడి చూస్తున్నదే. నా భార్య చాయ్ గ్లాసు చాచింది. ఆయన తీసుకోలేదు. "బయట తాగుత చెల్లె," అని వాకిట్లోకి పోయి తాగాడు. గంట తిరగకముందే ఆ గుంజను భుజాన వేసుకొని వచ్చాడు. మమ్మల్ని అందరినీ బయటికి పంపించి, దూలం కింద నిలబెట్టి, ఆపు కొట్టాడు. చివరి దెబ్బకు ఇల్లంతా ఖంగుమన్నది. అప్పుడు లోపల కూర్చుని ఇంకో గ్లాసు చాయ్ అడిగాడు.

పైసలు ఎంత అన్నాను.

"అమ్ముతలేను తమ్మీ. ఎరువు. మీ దూలం మార్చుకున్ననాడు నాది నాకియ్యి. ఉత్తగిచ్చిన అనుకునేవు, లెక్కల పెట్టుకో."

ఆయన చూసిన చోటు పైన. చెడు వచ్చిన చోటు కింద. భూమి లోపల పైనుంచి పడేదే మనిషిని చంపుతుంది, కాళ్ల కింద ఎప్పుడూ రాయే. గోడ మొదలు మెత్తబడుతుందన్న ఆలోచన ఆయన ముప్పై ఏళ్ల పనిలో ఒక్కనాడూ అవసరం పడలేదు. ఆ ఇంటి వెనుక గల్లీలో సిమెంటు రోడ్డు మీద మళ్లీ సిమెంటు రోడ్డు పోసి పోసి, రోడ్డు ఇంటి గచ్చు కంటే ఎత్తయింది. వాన నీళ్లు గోడ పాదాన ఆగేవి. మట్టి గోడ తడిసినా గాలికి ఆరుతుంది. కాని మేస్త్రీ, "మట్టి గోడకు సిమెంటు పూస్తె బంగ్లా లెక్క కొడ్తది," అన్నాడు. అందరికీ బాగనిపించింది. సిమెంటు లోపలి తడిని లోపలే పట్టి ఉంచింది. పూత ఆరిన తర్వాత ఆయన ఆ గోడను కూడా కొట్టి చూశాడు. ఖంగుమన్నది. చెయ్యి అందిన ఎత్తులో కొట్టాడు. మోకాలి కింద కొట్టలేదు.

క్వార్టర్ తాళం చెవి అప్పజెప్పి వచ్చిన మరునాడు పాలు పొంగించారు. గల్లీ అంతా వచ్చింది. అందరూ పోయాక అక్క సుత్తి అడిగి తీసుకుని, వెనుక గోడకు తన చేత్తో ఒక మేకు కొట్టింది. పెట్టెలోంచి పెళ్లి ఫోటో తీసి తగిలించింది. వంకరగా ఉందని ఆయన సరిచెయ్యబోతే, "ముట్టకు. నాది," అన్నది. ఆ ఎండాకాలమంతా వాళ్ల ఇంటి ముందు నుంచి పోతుంటే ఆ ఫోటో కనిపించేది, కొంచెం వంకరగానే.

శ్రావణంలో ముసురు పట్టింది. వాగు పొంగి బస్సులు ఆగితే నేను దుకాణానికి పోలేదు. ఆ పూట వాన తెరిపిచ్చి వాగు తగ్గుతున్నది, ఎండ కూడా వచ్చింది. అందరూ గొడుగులు ఆరబెట్టుకుంటున్నారు. మధ్యాహ్నం లారీ మీది నుంచి బస్తాలు దించినట్టు ఒక చప్పుడు. పెద్దది కూడా కాదు. నాకు అలవాటైన చప్పుడే కాబట్టి ముందు లేవలేదు. తర్వాత ఆయన గొంతు విన్నాను. ఆయన పిలుస్తున్నది భార్యను. ఆయన పేరు పెట్టి పిలవగా నేను వినడం అదే మొదటిసారి.

అక్క ఆ గోడకు వీపు ఆనించి కూర్చుని పుంటికూర ఆకు తుంపుతున్నది. గోడ పాదం గల్లీలోకి జారింది, పై భాగం లోపలికి కూలింది. ఆమె పక్కకు దొర్లింది గాని కాలు ఇరుక్కుపోయింది. నేను పరుగెత్తి పోయాక, ఆయనా నేనూ చేతులతోనే మట్టి పెళ్లలు తీశాం. మా తలల మీద కప్పు అలాగే ఉంది. చూరు వైపు పెంకలు జారిపోయాయి గాని పది గుంజల మీద దూలాలన్నీ గోడతో పని లేకుండా నిలబడ్డాయి, పెళ్లి పందిరి లాగా. బయట ఎవరో, "కప్పు కూలుతది, బయటికి రాండ్రి," అని అరుస్తున్నారు.

"కప్పు కూలది," అన్నాడు ఆయన. పైకి చూడలేదు. "దాని సంగతి నాకెరుక."

ఆమెను ఆటోలో ఎక్కించే ముందు ఒక్క క్షణం వెనక్కి పోయాడు. మిగిలిన గోడ మొదట్లో చెయ్యి పెట్టాడు. తడిపిన పిండిలా చేతిలోకి వచ్చింది. పిడికిలి బిగిస్తే వేళ్ల సందుల్లోంచి నీళ్లు కారాయి.

"కిందికెల్లి వచ్చింది తమ్మీ," అన్నాడు.

కరీంనగర్ ఆసుపత్రిలో కాలికి రాడ్ వేశారు. రిటైర్ అయినప్పుడు చేతికొచ్చిన పైసల్లో మిగిలింది అక్కడ అయిపోయింది. అద్దె ఇల్లు చూస్తానన్నాను. అక్క ఒప్పుకోలేదు. "అద్దెకుంటె మల్ల లెమ్మంటరు. ముందటి అర్ర ఉన్నది గద," అన్నది. వెనుక వైపు నీలం పట్టా కట్టి, ముందు గదిలో ఉన్నారు.

ఆయన మళ్లీ కప్పు కొట్టలేదు. కర్ర ఎక్కడ పెట్టాడో. గల్లీలో పోతుంటే మెడ ముందుకు వంగి, ప్రతి ఇంటి గోడ పాదాన్నీ చూసుకుంటూ పోయేవాడు. ఎవరి ఇంట్లోనైనా గోడ కింద తడి కనిపిస్తే ఆగి నిలబడేవాడు, ఏమీ చెప్పేవాడు కాదు. ఇదివరకు అయితే తలుపు కొట్టి చెప్పేవాడు. తన మాట మీద తనకు నమ్మకం పోయిందని నాకు అనిపించేది.

ఈసారి గోడను రాతితో లేపుతానన్నాడు. కనీసం నీళ్లు ఆగే ఎత్తు వరకు. కూలీలకు ఇవ్వడానికి లేదు. ఒక్కడే రాళ్లు పేర్చేవాడు. రెండు రాళ్లు పెట్టి కూర్చుని ఊపిరి పీల్చుకునేవాడు. ఆ ఊపిరి చప్పుడు గల్లీలోకి వినిపించేది. బాయి దుమ్ము అన్నేళ్లు లోపల ఉండి ఉండి అప్పుడు లెక్క అడిగింది.

ఆ చలికాలం ఒక పొద్దున మా ఇంటికి వచ్చాడు. వంటింట్లోకి వచ్చి పైకి చూడకుండా కూర్చున్నాడు. మా ఇంట్లో నిలబెట్టిన గుంజకే వీపు ఆనించి కూర్చున్నాడు. నా భార్య చాయ్ ఇస్తే తీసుకున్నాడు. పైకి చూడనందుకు నాకు భయం వేసింది. ఏదో ఒకటి మాట్లాడాలని, "అన్నా, గుంజ తీసుకపో. మూల దూలానికి ఇంకో ఆసరా కావాల్నంటివి గద," అన్నాను.

"మీ దూలం మార్చినవా?"

"ఇంక లేదు."

"మరి తీస్తె?"

"ఏదన్న కట్టె పెట్టుకుంట."

చాయ్ తాగి గ్లాసు కింద పెట్టాడు. "గోడ సంగతి నాకు తెల్వలే తమ్మీ. గుంజ సంగతి తెలుసు. గిదొక్కటన్న నేను చెప్పినట్టు ఉండనీ." లేచేటప్పుడు గుంజను పట్టుకునే లేచాడు. గడప దాటుతూ, "నిన్ను కొట్టి సూసిన తమ్మీ, ఎప్పుడో," అన్నాడు. ఏమని వచ్చిందో చెప్పలేదు.

ఎండలు ముదరకముందే పోయాడు. ముందు గదిలో, మంచం మీద, చాయ్ తాగి పడుకుని లేవలేదు. రాతి గోడ అప్పటికి మోకాలి ఎత్తు వచ్చింది.

దూలం మార్చిన వారం ఆ గుంజను కడిగి, భుజాన వేసుకుని వాళ్లింటికి పోయాను. నాకు యాభై రెండేళ్లు, రెండిళ్ల దూరానికే భుజం నొప్పి పెట్టింది. ఆయన అరవై ఏళ్ల వయసులో దీన్ని మోసుకొచ్చి, వెంటనే ఆపు కొట్టాడు. అక్క గడప మీద కాలు చాచుకుని కూర్చుని ఉంది. వెనుక పట్టా గాలికి కొట్టుకుంటున్నది. పది గుంజలు అలాగే ఉన్నాయి.

"గిదెందుకు తెచ్చినవు తమ్మీ?"

"దూలం మార్చిన అక్కా. అన్న ఎరువిచ్చిండు గద. మార్చిననాడు ఇయ్యమన్నడు."

"ఇచ్చి తెగ్గొట్టుకుంటవా?"

గుంజను గడప పక్కన దించాను. గోడకు కావలసిన ఇటుక, సిమెంటు దుకాణం ధరకే ఇప్పిస్తాను, పైసలు మెల్లగా ఇద్దువు అన్నాను. తల అడ్డంగా ఊపింది. "పింఛను జమ చేస్తున్న. ఆయన రాళ్లు పెట్టిండు, మీదిది నేను లేపుకుంట. నాదే గద ఇల్లు."

"ఎవలన్న వచ్చి ఏమన్న అంటున్నరా?"

"గోడ లేని ఇంట్లకెల్లి ఎవలు ఎల్లగొడ్తరు తమ్మీ," అని కొంచెం నవ్వింది. తర్వాత గుంజ వైపు చూసింది. చెయ్యి చాచి వేలి కణుపుతో దాని మీద ఒకసారి కొట్టింది. తల వంచి విన్నది. "మంచిగనే ఉన్నది. గోడ లేసిననాడు తే. అప్పటిదాంక నీ మీదనే ఉండనీ."

మళ్లీ భుజాన వేసుకుని తెచ్చాను. ఇప్పుడది మా వంటింట్లో పాత చోటే నిలబడి ఉంది. పైన స్లాబు ఉంది, దానికి ఏ ఆసరా అవసరం లేదు. నా భార్య రోజూ దాని చుట్టూ తిరిగి పొయ్యి దగ్గరికి పోతుంది, తీసేయమని అడగదు. వాళ్ల గోడ ఇంకా లేవవలసింది పద్దెనిమిది అడుగుల పొడవున ఏడున్నర అడుగుల ఎత్తు. ఆమె పింఛనుతో అది ఏ సంవత్సరానికి లేస్తుందో నేను లెక్క వేయగలను గాని వేయడం లేదు. నా వైపు లెక్క చిన్నదే. నల్లమద్ది గుంజలు మొత్తం పదకొండు. వాళ్ల ఇంట్లో ఉన్నవి పది. నేను బాకీ, ఒకటి.